రొట్టె పెట్టే చోట గడ్డ

ఉసిరికాయంత ఉంటుందనుకున్నాను గానీ రేగిపండంతే ఉందట, డాక్టరమ్మ చెప్పింది, మన చేతిలో లేచింది మనకెప్పుడూ పెద్దగానే కనబడుతుంది, ఇప్పుడైతే కనబడటం కూడా లేదు, నా కుడిచేయి పక్కన ఒక బల్ల మీద, ఆకుపచ్చ గుడ్డ కింద, ఎవరిదో చేయిలాగా పడి ఉంది, మత్తు సూది దిగినప్పుడు మాత్రం నాదేనని బాగా తెలిసింది, ఆ తర్వాత చల్లబడి, తిమ్మిరెక్కి, నిద్రపోయింది, నేను మాత్రం మేలుకునే ఉన్నాను, నర్సు స్టెల్లా అటు చూడకుండా ఏవన్నా కబుర్లు చెప్పమంటోంది, కబుర్లకేం, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేసినదాన్ని, నా దగ్గర కబుర్లకు కరువా, కానీ ఏ కబురు ఎత్తుకున్నా అది పోయి పోయి అన్నమ్మ దగ్గరే ఆగుతుంది, అందుకని నోరు మూసుకుని పడుకున్నాను.

అన్నమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది, మా బావగారి భార్య, నా తోటికోడలు, ఆరేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు, ఈ పొద్దున నేను ఈశ్వర్ ఆటోలో బయలుదేరితే వీధి మొగలో చేయి అడ్డం పెట్టి ఆపింది, టిఫిను గిన్నె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో ఈశ్వర్ పక్కన ఎక్కి కూర్చుంది, ఎవరు పిలిచారట, ఎవరూ పిలవలేదు, మా ఇంటాయన పేతురు పని మీద గిద్దలూరు పోయాడని తెలిసి ఉంటుంది, దారి పొడుగునా నాతో ఒక్క మాట లేదు, ఈశ్వర్‌తో మాత్రం, ఏం నాయనా, ఆమె ఏమన్నా తినిందేమో అడుగు, అంటుంది, నేనూ తక్కువదాన్నా, తినిందని చెప్పు ఈశ్వరూ, అన్నాను, ఆటో నడిపేదా మీ మాటలు మోసేదా అత్తా అని అతను విసుక్కున్నాడు, నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు, ఆరేళ్ళు బిగించుకున్న మూతి ఒక్క నవ్వుకే వదిలేస్తే నలుగురిలో పరువేముంటుంది.

డాక్టరమ్మ కోస్తోంది, నొప్పి లేదు, ఎవరో కొంగు పట్టుకుని లాగుతున్నట్టు ఉంది, ఇది ఎట్లా వచ్చిందమ్మా అని మొన్న అడిగితే ఆరేళ్ళ కిందట మేకు దిగిందని చెప్పాను, అంతవరకే చెప్పాను, పలకకు చెక్క ఫ్రేము బిగించే పని మాది, నేను రెండు చేతులతో మూల అదిమిపడితే అన్నమ్మ మేకు కొడుతుంది, రెండు దెబ్బలకు ఒక మేకు, ఫ్యాక్టరీ మొత్తం మీద ఆ చేతికి సాటి లేదు, ఆ రోజు మేకు వాలి, చెక్కను చీల్చుకుని, కింద ఉన్న నా అరచేతిలో చూపుడువేలి మొదట్లో దిగింది, ఆ పొద్దునే నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో మా ఇద్దరికీ మాటా మాటా వచ్చి ఉంది, ఆ కోపం మీద కావాలనే కొట్టిందన్నాను, నొప్పిలో ఒకసారి అన్నాను, నొప్పి తగ్గాక వీధి వీధంతా అన్నాను, గాయం పది రోజుల్లో మానింది గానీ నా నోరు మానలేదు, మరుసటి నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు, ఆ కోపంతోనే పోయి చేయి చాచి రొట్టె తీసుకున్నాను, ఏడాది తిరగకముందే, సరిగ్గా పాస్టరు గారు రొట్టె పెట్టే చోట గడ్డ లేచింది.

మనసులో పగ పెట్టుకుని రొట్టె తింటే ఒంట్లో రోగం పుడుతుందని కరుణాకరం పాస్టరు గారు ఎన్నిసార్లు చెప్పలేదు, ఇక డాక్టరెందుకు, రోగమేమిటో నాకే తెలిసిపోయింది, ఆనాటి నుంచి రొట్టె మానేశాను, పాస్టరు గారు అడిగితే ద్రాక్షరసం నాకు గ్యాసు చేస్తుందయ్యా అన్నాను, ఆ చెంచాడు రసానికా అన్నట్టు చూసి, మంచి మనిషి కాబట్టి ఊరుకున్నాడు, అందరూ లేచి ముందుకు పోతే చాప మీద నేనొక్కదాన్నే మిగిలేదాన్ని, కాదు, ఒక్కదాన్ని కాదు, అన్నమ్మ కూడా లేచేది కాదు, తన మీద ఒకరికి కోపం ఉండగా బల్ల దగ్గరికి పోకూడదని ఆమె పట్టుదల, ఆ చివర ఆమె, ఈ చివర నేను, మొహమొహాలు చూసుకోకుండా ఒకే కీర్తన పాడుకుంటూ కూర్చునేవాళ్ళం.

వచ్చేసిందమ్మా, సంచి పగలకుండా మొత్తం వచ్చింది, కొంచెం మిగిలినా మళ్ళీ పెరుగుతుంది, అంటోంది డాక్టరమ్మ, చూస్తావా అని ట్రే పక్కకు తెచ్చింది, తెల్లగా, నున్నగా, ఇంతేనా, దీనికా నేను ఐదేళ్ళు దడిచింది, దాన్ని కోసి చూపిస్తే లోపల జున్నులాంటి ముద్ద, మేకు దిగినప్పుడు పై చర్మం ఇంత లోపలికి పోయిందట, పోయినది ఊరుకోకుండా లోపల కూడా పొర మీద పొర వేసుకుంటూనే ఉందట, పైనైతే పాత పొర రాలిపోతుంది, లోపల రాలే దారి లేక గడ్డ కట్టిందట, దెబ్బ తగిలిన చోట, ఆపరేషన్ కుట్ల చోట అరుదుగా ఇట్లా వస్తాయట, మామూలుగా పరీక్షకు పంపుతాం, భయపడే గడ్డ కాదమ్మా అన్నది, అయితే ఇది శిక్ష కాదా డాక్టరమ్మా అని అడిగేశాను, అడిగాక సిగ్గేసింది, శిక్షేందమ్మా, మేకు చేసిన పని, అన్నది, ఎంత హాయిగా ఉందో, ఇదే మాట నాలుగేళ్ళ కిందట వచ్చి అడిగి ఉంటే ఎన్ని రొట్టెలు మిగిలేవి నాకు, పిచ్చిదాన్ని, దేవుడికి వేరే పని లేనట్టు నా అరచేతిలో గడ్డలు పెంచుతున్నాడనుకున్నాను, అంతా మేకు చేసిన పని, మేకు, కానీ అన్నమ్మ మేకు ఏనాడు వాలింది, ఇరవై ఏళ్ళలో ఒక్కటి వాలలేదు, ఆ రోజే ఎందుకు వాలింది, నవ్వింది కాబట్టి, పగలబడి నవ్వింది, ఎందుకు నవ్వింది, స్టెల్లా కుట్లకు దారం అందిస్తోంది, ఒకటి, రెండు, ఎందుకు నవ్విందంటే, పొద్దుటి బిందె తగాదా నాకే మనసున పట్టక, ఆమెను మంచి చేసుకోవాలని, ఫ్రేము వదలకుండానే, ఉన్నచోటే నడుము తిప్పుతూ మా మేస్త్రీ నడక చేసి చూపించాను, సుత్తి పైకెత్తి ఉండగా చూపించాను, మేకు దిగేసరికి మేము అప్పటికే కలిసిపోయి ఉన్నాం, ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు, పేతురుకు చెప్పలేదు, ప్రార్థనలో కూడా ఇక్కడిదాకా వచ్చి పక్క మాట ఎత్తుకునేదాన్ని, అన్నమ్మ మాత్రం ఆ నెలలోనే సుత్తి వదిలేసి మిరపకోతలకు పోయింది, అంత పనిమంతురాలు, నా మాటలు పట్టుకుని వీధిలో పిల్లలు కూడా మేకు అన్నమ్మ అని ఎగతాళి చేసేవాళ్ళు, నేను విని ఊరుకున్నాను.

కట్టు కట్టాక, తోడు ఎవరమ్మా అని స్టెల్లా పిలిస్తే అన్నమ్మ లోపలికి వచ్చింది, మందుల చీటీ తీసుకుని స్టెల్లాతో, నొప్పి ఉండాదేమో అడుగమ్మా అన్నది, ఈశ్వర్ లేడు కదా, స్టెల్లా దొరికింది, నేను ఇక ఎవరి చేతా చెప్పించలేదు, అక్కా, ఆ పొద్దు నిన్ను నవ్వించింది నేనే గదా, అన్నాను, ఆమె చీటీ మడత పెడుతూ, తెల్సులే మణీ, అన్నది, తెల్సీ ఒక్కరికన్నా చెప్పలేదేంది అక్కా అంటే, నెత్తురు కారే చెయ్యి పట్టుకోని ఏడుస్తా ఉంటివి, నీ మీదికి ఎట్ల తోసేది, తర్వాత చెబ్దామంటే నలుగురిలో నీ మాట పోతాదని ఊరుకుంటి, అన్నది, అని నా చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర పెట్టింది, శిక్ష పడిందని చేయి ముడుచుకుని నేను కూర్చున్న ఐదేళ్ళూ, అదే చాప మీద ఆ చివరన ఒక మనిషి నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుని నన్ను కాపాడుతూ కూర్చుంది, ఇప్పుడు తెలిసింది, ఎల్లుండే మొదటి ఆదివారం, సాక్ష్యాలు చెప్పే వేళ ముందు నేనే లేస్తాను, మేకు వాలింది నా వల్ల అని అందరి ఎదుటా చెబుతాను, కుడిచేతికి కట్టుంది, ఎడమచేయి చాచలేను, పాస్టరు గారిని నా రొట్టె కూడా అన్నమ్మ చేతిలోనే పెట్టమంటాను.