కిటికీ గది పందెం

మా బావది స్క్రీన్ ప్రింటింగ్. అంటే చెక్క చట్రానికి జాలీ బిగించి, దాని మీద రంగు పోసి, రబ్బరు బద్దతో లాగి, కింద పరిచిన బట్ట మీద బొమ్మ దింపే విద్య. బొమ్మ దిగినా దిగకపోయినా రంగు మాత్రం ఎక్కడో ఒకచోట దిగుతుంది. బావ మోచేతుల మీద, తలుపు గడియ మీద, ఒకసారి పక్కింటి పిల్లి మీద కూడా దిగింది. ఆ పిల్లి ఇప్పటికీ మా బావ కనిపిస్తే గోడ దిగదు.

మా అక్కది కుట్టుపని. ఇద్దరికీ ఒకటే ఇల్లు, ఒకటే కాపురం, ఒకటే కిటికీ గది. పేచీ అక్కడే వచ్చింది.

ఇంటి వెనక వైపున్న ఆ గదికి గోడంత కిటికీ. పొద్దున్నే ఎండ లోపలికొచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా లేవదు. అందులో బావ తన బల్ల వేసుకున్నాడు. అక్క మిషను మెట్ల కింది సామాన్ల కొట్లో ఉండేది. అక్కడ కిటికీ లేదు. పసుపు రంగు బల్బు ఒకటి ఉంది గానీ, అది వెలిగిందో లేదో చూడాలంటే ఇంకో బల్బు కావాలి.

"నల్లబట్ట మీద నల్లదారం. బట్టని కుడుతున్నానో నా వేలిని కుడుతున్నానో, అబ్బా అన్నాక గానీ తెలియడం లేదు. ఆ గది నాకివ్వండి" అని అక్క రోజూ అడిగేది.

"ఇది కళ. కళకి స్థలం కావాలి" అని బావ అనేవాడు.

"మీ కళ సంగతి నా దిండ్లని అడగండి, చెబుతాయి" అనేది అక్క.

నిజంగానే చెబుతాయి. బావ పాడుచేసిన సరుకు బయటికి పోదు, ఇంట్లోకొస్తుంది. ఉదయం లేస్తే అక్క చెంప మీద ఉబ్బిన అక్షరాలు అచ్చయి ఉంటాయి, ఎందుకంటే ఆ దిండు గలీబు అచ్చేసినప్పుడు జాలీ బట్టకి అంటుకుపోయి రంగు పాకింది. తువ్వాలు మీద బొమ్మ పడవో పడగో చెప్పలేం, ఎందుకంటే సరిగ్గా వేడి పట్టించని రంగు మొదటి ఉతుకుడులోనే సెలవు పుచ్చుకుంది. బావవాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, వేసుకునే టీషర్టు మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి. అద్దంలో చూసుకుంటే మాత్రం చక్కగా కనిపిస్తాయి కాబట్టి, అందులో తప్పేముందో ఆవిడకి ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. ఆ ఇంట్లో ఒక చుట్టు తిరిగొస్తే చాలు, ఈ విద్యలో ఎన్ని కష్టాలున్నాయో కళ్ళకి కట్టినట్టు, ఒంటికి చుట్టినట్టు తెలిసిపోతాయి.

ఈలోగా ఊళ్ళోని నడక సంఘం నుంచి బావకి పెద్ద ఆర్డరొచ్చింది. నల్ల టీషర్టులు, తెల్ల అక్షరాలు: 'నడుస్తూనే ఉందాం.' అక్క అవకాశం దొరకబుచ్చుకుంది.

"పందెం. సంఘం వాళ్ళు ఒక్క చొక్కా కూడా తిప్పికొట్టకుండా తీసుకుంటే గది మీదే, జన్మలో అడగను. ఒక్కటి తిప్పికొట్టినా మీ బల్ల వరండాలోకి, నా మిషను కిటికీ దగ్గరికి."

"వరండాలోనా? గాలికి దుమ్ము, వానకి తడి. నా పని మూతపడుతుందే!"

"అయితే బాగా చెయ్యండి."

చొక్కాలు తీసుకెళ్ళాల్సిన రోజు పొద్దున్న నేను సాయానికి వెళ్ళాను. బావ స్నానాల గదిలో ఉన్నాడు. ముందు రోజే జాలీకి మందు పూసి, కిటికీకి రెండు దుప్పట్లు అడ్డం కట్టి, చీకట్లో ఆరబెట్టాడట. ఆ మందు మా బావలాంటిది: చీకట్లో మెత్తన, వెలుతురు తగిలితే బిగుసుకుపోతుంది.

అత్తయ్యకి మూసిన గది కనిపిస్తే ఊపిరాడదు. నేను చెప్పులు విడిచేలోపు కిటికీకున్న దుప్పట్ల తెర పీకేసింది. తెర తీసింది అత్తయ్య, పోయింది బావ జాలీ తెర!

బావ తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఎంత పని చేశావే!"

"ఏం చేశానురా? ఆ చెక్కలు చెమ్మగా ఉంటే ఎండలో పెట్టాను. చూడు, ఎంత చక్కగా ఆరాయో!"

"ఆరింది చెక్క కాదమ్మా, నా దీపం! అక్షరాలున్న ఫిల్మును దీని మీద పెట్టాక ఎండ చూపించాలి. నల్ల అక్షరాల కింద నీడ పడి అక్కడ మందు మెత్తగా ఉండిపోతుంది, నీళ్ళు కొడితే అక్కడే ఊడి రంగుకి దారిస్తుంది. ఇప్పుడు మొత్తం గట్టిపడింది. ఇక దారెక్కడిది?"

"దారి లేకపోతే మళ్ళీ పూసుకో. దానికింత గోలెందుకు?"

బావ జాలీ మీద జాలిగా చెయ్యి వేశాడు. "పూస్తాను. దుప్పట్లు ఇలా ఇవ్వు, కిటికీకి కట్టాలి."

"అవా? దుమ్ము కొట్టుకుపోయి ఉంటే నానేశాను."

బావ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఎండ మా ఇద్దరి వైపూ చూసింది.

పాత మందు కరిగించి కడిగాం. జిడ్డు ఉంటే మందు పట్టదనీ, సన్న చిల్లులు పడతాయనీ సబ్బుతో మళ్ళీ కడిగించాడు. కడిగినది ఆరింది. ఇక మందు పూయాలి, చీకట్లో ఆరబెట్టాలి. ఇల్లంతా వెతికితే చీకటి ఒక్కచోటే ఉంది. బావ వెళ్ళి కొట్టు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏమోయ్, నీ కొట్టు ఈ పూటకి..."

అక్క మిషను ఆపింది. "నా కొట్టా? మీరు గెలవడానికి నేను చోటివ్వాలా?"

"నీ మిషను ఈ పూటకి కిటికీ గదిలో వేసుకో."

అక్క ఒక్క క్షణం ఆలోచించి దారం తెంపింది. "తమ్ముడూ, అటు పట్టుకోరా."

మిషను అటు మోశాం, జాలీ ఇటు తెచ్చాం. మెట్ల కింద నేను తల ఎత్తినప్పుడల్లా ఒక మెట్టు తగిలింది. బావ మందు పూస్తూ పూస్తూ పైకి చూసి ఆగిపోయాడు.

"ఒరేయ్, ఈ బల్బు పసుపు రంగు కదా?"

"పసుపేమిటి, పక్కా కామెర్లు. అయితే ఏం?"

"పసుపు వెలుగుకి మందు గట్టిపడదు! ఇన్నాళ్ళూ దుప్పట్ల చీకట్లో తడుముకుంటూ పూశాను. ఇక్కడ నా చేతులు నాకు కనిపిస్తున్నాయి!"

మందు ఆరాక జాలీని పెరట్లో ఎండలో పెట్టాడు. దాని మీద ఫిల్ము, ఫిల్ము మీద అద్దం. తిరగబడలేదు కదా అని ముందే రెండు వైపుల నుంచీ చదివి చూసుకున్నాడు. ఆ జాగ్రత్త అత్తయ్య చొక్కా నేర్పిన పాఠం. నీళ్ళు కొడితే అక్షరాలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. అక్కడక్కడా చుక్కంత చిల్లులు మిగిలితే వెనక నుంచి టేపు అంటించాడు.

బల్ల మాత్రం కిటికీ గదిలోనే ఉంది కదా అని అక్కడే మొదలుపెట్టాడు. పాతగుడ్డ మీద రెండు అచ్చులు పడేసరికి ఎండకి రంగు జాలీలోనే ఎండి, అక్షరాలు సగం సగం వచ్చాయి.

"ఈ రంగుల కంపెనీవాడిని..." అని బావ మొదలెట్టాడు.

"ఎండలో పెట్టిన పిండి కూడా ఎండుతుందండీ, దానికి మిల్లువాడేం చేస్తాడు?" అంది అక్క, తల ఎత్తకుండా. సూదిలోకి దారం మొదటిసారే దూరినట్టుంది, కూనిరాగం తీస్తోంది.

బావ బల్ల అటువైపు ఎత్తాడు, నేను ఇటువైపు ఎత్తాను. కొట్లో ఆ బల్ల కొలిచి చేయించినట్టు పట్టింది. జాలీ తడిగుడ్డతో తుడిచి, బద్ద లాగిన ప్రతిసారీ రంగును మళ్ళీ జాలీ మీద పల్చగా పరిచి ఉంచితే, ఆ చల్లదనంలో అది ఎండనే లేదు.

కానీ మా బావ ఏ మాటైనా నొక్కి చెప్పే మనిషి, అచ్చు కూడా నొక్కే వేస్తాడు. అక్షరాలు ఉబ్బాయి.

"బావా, మళ్ళీ ఆ గలీబు మీద వేసినట్టే వేస్తున్నావు. ఒత్తిడి తగ్గించుకో" అన్నాను.

చట్రం మూలల కింద అట్టముక్కలు పెట్టి జాలీని బట్టకి కొంచెం ఎత్తులో నిలిపాడు. బద్ద వెళ్ళిన వెనకే జాలీ టప్పుమని లేచింది. అచ్చు అచ్చంగా వచ్చింది. నలుపు మీద తెలుపు బూడిదలా కనిపిస్తే, చొక్కా కదలకుండా వేడిగాలితో ఆరబెట్టి, దాని మీదే రెండో అచ్చు వేశాడు. అప్పుడు పళ్ళపొడి ప్రకటనలా మెరిసింది. చివర్న ప్రతి చొక్కానీ వేడి ప్రెస్సులో పెట్టి తీశాం. ఒకటి అత్తయ్య చేతిలో పెట్టాడు.

"అమ్మా, దీన్ని ఉతుకు. నీ కోపమంతా చూపించు."

అత్తయ్య ఉతికితే గుండీలు సొంతదారి చూసుకుంటాయి. పెరట్లోంచి ధబధబమని చప్పుడు. ఆ చప్పుడు మధ్యలోనే నడక సంఘం కార్యదర్శి మెడలో ఈలతో, అందరికన్నా రెండడుగులు ముందు నడిచే నడకతో వచ్చేశాడు.

ఒక్కో చొక్కా విప్పాడు. గోటితో గీకాడు. లాగాడు. అక్క గుమ్మంలోకొచ్చి నిలబడింది. బావ రంగు చేత్తో చెమట తుడుచుకుని తెల్ల మీసం తెచ్చుకున్నాడు.

"చూడ్డానికి బాగున్నాయండీ. ఉతికితే ఉంటుందా?"

"ఉంటుందా ఏమిటి నాయనా?" అత్తయ్య తడిచొక్కా జండాలా ఎత్తి పట్టుకుని వచ్చింది. "నా చేతులు పోయాయి గానీ నీ అక్షరం పోలేదు!"

కార్యదర్శి చొక్కా పిండి చూశాడు. నీళ్ళు తేటగా పడ్డాయి. ఈల ఊదాడు. కట్ట భుజాన వేసుకుని నడుస్తూనే వెళ్ళిపోయాడు.

బావ గెలిచాడు. గెలిచినవాడు కొట్టు గుమ్మం పట్టుకుని కదలడం లేదు.

అక్క కుట్టిన బట్టలు మడతపెట్టుకుంటోంది. "మాటంటే మాటే. తమ్ముడూ, మిషను పట్టరా. కొట్లోకి పోదాం."

"ఆగు. తొందరేముంది?" అన్నాడు బావ.

"మీ గది మీకొద్దా?"

"నాదే. కాదనలేదు. కానీ... ఆ గదిలో మరీ వెలుతురు ఎక్కువ."

అక్క అతని ముఖం చూసింది. బల్బు చూసింది. బల్ల చూసింది. అర్థమైపోయింది. ఆవిడ పెదవి ఒక చివర కుట్టు వేసినట్టు బిగిసింది.

"అయ్యో, కొట్టు మీద పందెం లేదుగా! అది నాది. ఆ బల్బంటే నాకు ప్రాణం."

"ఏమోయ్..."

"నా చీకటి నేనెవరికీ ఇవ్వను."

"బతిమాలమంటావా?"

"కళాకారులు కదా, కళాత్మకంగా బతిమాలండి."

బావ బతిమాలాడు. ఉబ్బిన గలీబులన్నీ మార్చి కొత్తవి వేసిస్తానన్నాడు. అక్క, తువ్వాళ్ళు కూడా, అంది. సరే అన్నాడు. ఇకమీదట ఏ తప్పూ ఇంట్లోకి రాకూడదంది. తప్పులుంటే కొట్లోనే దాచుకుంటానన్నాడు. మిషను కిటికీ దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు బావ నల్లగుడ్డ మీద తెల్లగా, రెండు పూతలతో, 'లోపల మందు ఆరుతోంది, తలుపు తీయవద్దు' అని అచ్చేసి, దాన్ని కొట్టు తలుపుకి మేకుతో కొట్టి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని అక్షరం అక్షరం చదివింది. ముఖం విప్పారింది.

"ఎంత బాగా వేశావురా!" అని, ఆ మాట కొడుకు ముఖం చూసి చెప్పడానికి తలుపు బార్లా తీసింది.