అలవాటు కాని ఎత్తు

మా వంటింటి కిటికీలోంచి అగ్నిపర్వతం కొనదాకా కనిపిస్తుంది. గిన్నెలు తోముతూ ఇన్నేళ్లుగా దాన్నే చూస్తున్నాను. మా ఆయన గైడు. ముక్కూ మొహం తెలియనివాళ్లందరినీ పైనున్న అగ్నిబిలం అంచున నిలబెట్టి తీసుకొస్తారు. నేను మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. ఈసారి ఎక్కడానికి ఎక్కడో దూరపు బడిలో పాఠాలు చెప్పే మాస్టారొక్కరే వచ్చారు. ఎక్కేవాళ్లని కలిపి కట్టే తాడు మీద ఇంకొకరికి చోటుంది కదా అని మా ఆయన్ని అడిగాను. ఆయన సరేనన్నారు. ఇల్లు తను చూసుకుంటానని అత్తగారు కూడా ఒప్పుకున్నారు. కొండ పక్కన పుట్టినదానికి కొండెక్కడమొక లెక్కా అన్నారు.

మాస్టారిది సముద్రపు ఒడ్డు. మా మేడమెట్లు ఎక్కితేనే రొప్పారు. ఎత్తు ఒంటికి అలవాటు కావాలని మా ఆయన మాస్టారిని రోజూ కొంత పైకి నడిపించి, నిద్రకి కిందికి తెచ్చేవారు. నన్నూ రమ్మన్నారు. దుప్పట్లు ఉతకాలి, అత్తగారికి సరుకులు సర్దిపెట్టాలి. పైగా నాకెందుకా అలవాటు అనుకున్నాను. ఎక్కి దిగడానికైతే మా మేడ చాలదా అని మాస్టారిని ఆటపట్టించాను కూడా.

బయల్దేరిన రోజు, కొన ఎక్కేముందు రాత్రి తలదాచుకునే పై బసకి చేరేసరికి పొద్దు వాలుతోంది. మంచుకొన చెయ్యి చాస్తే అందేలా ఉంది. నా తలలో మాత్రం ఎవరో రోకలితో దంచుతున్నారు. మాస్టారు రెండో కప్పు టీ తాగుతున్నారు. నాకు మొదటిదే దిగలేదు.

మా ఆయన వచ్చి ఇద్దరినీ అడిగారు, తలనొప్పి ఉందా అని. మాస్టారు లేదన్నారు. నొప్పి దాచి పైన కూలబడేవాళ్ల కథలు భోజనాల దగ్గర ఎన్ని విన్నానో. ఒకరు పడితే తాడు మీద ఉన్నవాళ్లంతా వెనక్కి రావాల్సిందే. లేదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు తన బూట్లకి అంటిన బూడిద జాగ్రత్తగా తుడుచుకుంటున్నారు.

"ఉందండీ."

"ఎక్కణ్ణుంచి?"

"రాళ్ల వాలు దగ్గర్నుంచి."

"చెప్పవేం మరి?"

"చెబితే దింపేస్తారుగా."

ఆయన నవ్వలేదు. నా సంచీ సర్ది, బస చూసుకునే మనిషిని తోడిచ్చి, వెలుతురుండగానే దిగమన్నారు.

దిగుతున్నకొద్దీ నొప్పి తగ్గింది. రాళ్ల వాలు దాటాక పూర్తిగా పోయింది. ఆగి వెనక్కి చూశాను. కొన మీద ఇంకా ఎండ ఉంది. ఇప్పుడైతే ఎక్కగలననిపించింది.

"నడవండమ్మా, చీకటి పడుతుంది" అన్నాడు బస మనిషి.