గెలిచినోళ్ల కప్పు

హుసేనప్ప ఒడినిండా పత్తి తీసుకుని యంత్రం నోటికి అందిస్తున్నాడు. దూది ఒక పక్కకు, గింజలు ఇంకో పక్కకు రాలుతున్నాయి. ముక్కుకు కట్టుకున్న తుండుగుడ్డ మీద, కనుబొమ్మల మీద, చెవుల్లోని వెంట్రుకల మీద దూది పేరుకుని, నలభై నిండని మనిషి ముసలివాడిలా కనబడుతున్నాడు. చేతులు మాత్రం చాటలంత ఉంటాయి. ఆదోనిలో ఇన్నేళ్లుగా అతనికి నాలుగు మెతుకులు దొరుకుతున్నాయంటే ఆ చేతుల పుణ్యమే.

సొంతూరు పెద్దకడుబూరులో వరసగా వానలు మొహం చాటేస్తే, పెళ్లాం ఉరుకుందమ్మను వెంటబెట్టుకుని మిల్లుకు పనికి వచ్చాడు. బండి మీద నుంచి విసిరిన పత్తి గోనెమూటలను ఒక్కటీ కిందపడకుండా గుండెకు అదుముకుంటుంటే మేనేజరు శ్రీపాదరావు చూశాడు. ఆ సాయంత్రమే తీసుకుపోయి మిల్లు ఫుట్‌బాల్ జట్టులో గోలు దగ్గర నిలబెట్టాడు. మిల్లు సావుకారుకు ఆట పిచ్చి. అందుకని ఆటగాళ్లకు పగటి పాళీ ఇస్తారు. మిగిలిన కూలీలు వారం పగలు, వారం రాత్రి చేయాలి.

ఆ పగటి పాళీయే హుసేనప్పకు ప్రాణం. అతనికి రేచీకటి. సందె పడిందంటే లోకం మీద ఎవరో కంబడి కప్పినట్టే. గుడ్డిదీపం కింద, గిర్రున తిరిగే తోలు పట్టాల మధ్య రాత్రి పాళీ చేయడమంటే చేతులో కాళ్లో యంత్రానికి ఇచ్చుకోవడమే. ఈ సంగతి ఉరుకుందమ్మకు తప్ప నరమానవుడికి తెలియదు. దీపాలు పెట్టే వేళకు గుడిసె చేరి గోడకు ఆనుకుని కూర్చునే మొగవాడిని చూసి, మిల్లు వాడలో ఆడవాళ్లకు ఎంత గౌరవమో. దొంగసారా కొట్టం దారి పట్టే తమ మొగుళ్లను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా హుసేనప్ప పేరు ఎత్తేవారు. పాపం, అతని బుద్ధిమంతనం అంతా కళ్లలోనే ఉందని వాళ్లకేం తెలుసు.

ఆదోని షీల్డు గెలిచిన జట్టూ, ఎమ్మిగనూరు కప్పు గెలిచిన జట్టూ ఏడాదికొకసారి తలపడతాయి. కరపత్రాల్లో దాన్ని విజేతల కప్పు అని వేస్తారు. జనం గెలిచినోళ్ల కప్పు అంటారు. ఈసారి షీల్డు మిల్లు జట్టుది, కప్పు ఎమ్మిగనూరు నేతగాళ్లది. ఆట ఎమ్మిగనూరులో, ఇవాళే. పత్తి రాక తగ్గిపోయింది, మనుషుల్ని తీసేస్తున్నారు. కప్పు తెస్తే ఆటగాళ్లందరికీ పగటి పని పర్మనెంటు అనీ, తేకపోతే అందరితో పాటే రాత్రి పాళీ అనీ శ్రీపాదరావు ముందే చెప్పేశాడు.

మధ్యాహ్నం ఉరుకుందమ్మ సద్ది తెచ్చింది. రొట్టె మీద పొన్నగంటాకు పప్పు. కళ్లకు మంచిదని ఎవరో చెప్పిన నాటి నుంచి ఏ వాగులో వంకలో పచ్చగా కనబడినా కోసుకొచ్చి వండుతోంది.

"కడుపునొప్పి అని సెప్పి ఉండిపోరాదా," అన్నది.

"నాలుగింటికి మొదులుపెడతారంట. ఎండ ఉండంగనే అయిపోతాది లే."

ఉరుకుందమ్మ అతను తినేదాకా నిలబడి, గిన్నె కడిగి తీసుకుపోయింది.

మిల్లు లారీ ఎమ్మిగనూరు చేరేసరికి మగ్గాలన్నీ ఆగినట్టున్నాయి. ఊరు ఊరంతా మైదానం చుట్టూ ఉంది. నాలుగు కొట్టింది. ఆట మొదలుకాలేదు. కర్నూలు రాజధాని అయ్యాక ఈ జిల్లాలో దేనికైనా రిబ్బను కత్తిరించడానికి ఒక పెద్దమనిషి రావడం ఆనవాయితీ అయింది. ఆ పెద్దమనిషి ఇంకా దారిలో ఉన్నాడు. వచ్చేవాడికి వేయాల్సిన దండలు తట్టల్లో వాడిపోతున్నాయి.

హుసేనప్ప పొద్దు వంక చూశాడు. మళ్లీ చూశాడు. కెప్టెను దేవేంద్రప్ప దగ్గరికి పోయి, ఆట మొదలుపెట్టి దండలు తర్వాత వేసుకోరాదా అని అడిగాడు. దేవేంద్రప్ప నవ్వి, పెండ్లికొడుకు లేకుండా తాళి కడతామా అన్నాడు.

పెద్దమనిషి వచ్చాడు. అన్ని దండలూ వేయించుకున్నాడు. మాట్లాడాడు. చేనేత గురించి, ఐకమత్యం గురించి, మళ్లీ చేనేత గురించి. అతని ఒక్కొక్క మాటకూ హుసేనప్ప గోలు నీడ ఒక జాన సాగుతోంది. పోయి ఆ మైకు లాగి పారేయాలనిపించింది. చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డాడు.

మొదటి సగంలో అతను ఆడిన ఆటను చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకోవలసింది. కుడివైపు, ఎడమవైపు, తల మీద నుంచి, కాళ్ల సందు నుంచి నేతగాళ్లు ఎటు కొట్టినా బంతి ఆ చాటచేతుల్లోనే ఉంది. మిల్లువాళ్లు ఒక గోలు కొట్టారు. విరామంలో పెద్దమనిషి ఆటగాళ్లతో ఫొటో దిగాలన్నాడు. ఫొటో అయ్యేసరికి పొద్దు గుట్ట మీద కూర్చుంది.

హుసేనప్ప దేవేంద్రప్ప చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు గోలుకాడ నిలుచుకో. నేను ముందర ఆడతా."

"పిచ్చి పట్టిందా నీకు? ఇంత బాగా పడతాండావు, మార్సేదేంది?"

పక్కనే శ్రీపాదరావు ఉన్నాడు. అతని ఎదుట కారణం చెబితే రేపటి నుంచి పని ఉండదు. హుసేనప్ప పోయి గోలు దగ్గర నిలబడ్డాడు.

మొదట బంతి రంగు పోయింది. తర్వాత మనుషుల మొహాలు పోయాయి. మిగిలినవాళ్లకు ఇంకా ఆడేటంత వెలుగుంది. అతనికి మాత్రం అన్నీ మసకలో మసక. కాలికి బంతి తగిలే చప్పుడు వింటూ కాసేపు నెట్టుకొచ్చాడు. జనం కేకలు పెరిగాక ఆ చప్పుడూ అందలేదు. దేవుడా, ఈ ఒక్క పూట, అని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాడు.

నేతగాళ్ల కుర్రాడొకడు దూరం నుంచి కాలు సరిగా పడక మెల్లగా తోసిన బంతి అది. అంబాడే బిడ్డ కూడా ఆపేది. అందరూ చూస్తుండగా హుసేనప్ప ఎడమవైపు ఎగిరి దూకాడు. బంతి కుడివైపు నుంచి దొర్లుకుంటూ లోపలికి పోయింది. ఆ వెనకే రెండోది. దానికి అతను కదలను కూడా కదలలేదు.

ఆట ముగిసేసరికి మాట మైదానమంతా పాకిపోయింది. వీడి అత్తగారిది ఈ ఊరే, బామ్మర్ది నేతగాడే, ఆటను అమ్ముకున్నాడు అని. ఇన్నేళ్లు భుజాన చెయ్యివేసి తిరిగిన దేవేంద్రప్ప అతని కాళ్ల దగ్గర ఉమ్మి వెళ్లిపోయాడు. ఆ ఉమ్మిన చప్పుడు హుసేనప్పకు స్పష్టంగా వినిపించింది.

ఇక దాచి ఏం లాభం? శ్రీపాదరావు గొంతు వినబడిన వైపు చేతులు జోడించాడు.

"సామీ, నాకు సందె పడితే కండ్లు కనపడవు. రేచీకటి. అన్నం పెట్టిన మిల్లును నేను అమ్ముకోలేదు సామీ."

శ్రీపాదరావు జోడించిన ఆ చేతుల వంక చూశాడు. "ఇంతసేపూ ఎట్లా పట్టినావయ్యా మరి? సరే, అబద్ధమైతే నిన్ను పెట్టుకోలేను. నిజమైతే అసలు పెట్టుకోలేను. మిషన్ల దగ్గర రేపు నీకేమన్నా అయితే నేను జవాబు చెప్పాలి," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అదే హుసేనప్పను చంపినంత పని చేసింది.

బామ్మర్ది శేషప్ప జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "రా బావా, రేతిరికి ఇంటికాడ పండుకొని పొద్దున్నే పోదువు."

ఆ ఇంట్లో చాప ఉంది, వేడి కూడు ఉంది. కానీ ఈ రాత్రి ఆ గడప తొక్కితే, అమ్ముకున్నాడన్న మాటకు తానే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ఉరుకుందమ్మ ఏ మొహం పెట్టుకుని బావికి నీళ్లకు పోతుంది?

"లారీ నిలబడుకోనుంది. నా కోసరమే సూస్తాండారు. నువ్వు పో," అన్నాడు.

శేషప్ప నమ్మి వెళ్లాడు. హుసేనప్ప లారీ మోత వచ్చే వైపు చేతులు చాచి నడిచాడు. మోత కదిలింది, దూరమైంది, వినబడకుండా పోయింది. ఎవరూ పిలవలేదు.

మైదానం ఖాళీ అయింది. తడుముకుంటూ పోతుంటే మూలన పాతిన జెండా కట్టె చేతికి తగిలింది. దాన్ని పెరికి ముందు నేల మీద ఆడించుకుంటూ ఆదోని రోడ్డు పట్టాడు. పాదాల కింద కంకర గుచ్చుకున్నంతసేపూ రోడ్డు మీదే ఉన్నట్టు. మెత్తటి మన్ను తగిలితే తప్పినట్టు, వెనక్కి జరగాలి. అట్లా చాలా దూరమే వచ్చాడు. తెల్లారేసరికి గుడిసె ముందు ఉండాలి. ఉరుకుందమ్మ పొయ్యి రాజేసి, ఏమైందని అడక్కుండా నీళ్లు తోడిపెడుతుంది. తర్వాత సంగతి తర్వాత. ఒకచోట మరమ్మతుకని రోడ్డును తవ్వేశారు. కంకర పోయింది. ఎటు అడుగేసినా మెత్తటి మన్నే. ఎదురుగా చల్లగాలి తగిలింది, నీళ్ల వాసన వేసింది. ఆదోని ముందరి వంక వచ్చినట్టుంది, అది దాటితే ఊరే కదా అనుకుని అటు నడిచాడు.

పొద్దున పత్తిబండ్లవాళ్లు ఎద్దులకు నీళ్లు చేదుకుందామని రోడ్డు పక్క చేలో బావి దగ్గర ఆగారు. దానికి చుట్టుగోడ లేదు. శేషప్పకు కబురు పోయింది. మధ్యాహ్నానికి ఉరుకుందమ్మ వచ్చింది. ఆయప్పకు సందె పడితే కండ్లు కనపడవని వచ్చినవాళ్లకు, పోయేవాళ్లకు, పంచనామా రాసే పోలీసుకు, ఆఖరికి ఎద్దులు పట్టుకుని నిలబడ్డవాళ్లకు కూడా చెప్పింది. సిగ్గుతో దూకి ఉంటాడని వాళ్లంతా అప్పటికే అనేసుకున్నారు. శవాన్ని బండెక్కించారు, జనం తలా ఒక దారిన వెళ్లిపోయారు. బావి అంచున, జారిన మన్ను పక్కన, ఆ కట్టె అడ్డంగా పడి ఉంది. దాని కొసకు కట్టిన ఎర్రగుడ్డ గాలి వచ్చినప్పుడల్లా కాస్త లేచి, మళ్లీ నేలకు అంటుకుంటోంది.