ఎర్రబండి మీద పసుపు గీతలు

నాకు ముక్కు మీదే కోపం. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, బస్సు డిపోలో నా కింద పనిచేసిన మెకానిక్కుల్లో ఎవర్ని కదిపినా చెబుతారు. ఇరవై ఆరేళ్ళు అక్కడ బళ్ళు తనిఖీ చేశాను. నట్టు బిగించాక దాని మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి పసుపురంగుతో సన్నటి గీత గీయడం మా పద్ధతి. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగి రెండు ముక్కలు పక్కపక్కకి జరుగుతాయి. పొద్దున్నే ప్రతి బండి చుట్టూ తిరిగి, ప్రతి చక్రం దగ్గరా వంగి, గీతలు కలిసున్నాయో లేదో చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. నేను పెడితేగానీ బండి గేటు దాటేది కాదు. అందరూ నన్ను ఇన్‌స్పెక్టరమ్మ అనేవాళ్ళు. వెనకాల ఇంకేమనేవాళ్ళో కూడా నాకు తెలుసు.

నాలుగేళ్ళ కిందట నేను సంతకం పెట్టిన ఒక బస్సుకి మలుపులో ముందు చక్రం ఊడిపోయింది. లోపల జనం లేరు కాబట్టి సరిపోయింది. డ్రైవరు ఎడమకాలు మాత్రం మోకాలి దగ్గర నుజ్జయింది. విచారణలో నేను ఒకే మాట మీద నిలబడ్డాను. నేను చూసినప్పుడు గీతలు కలిసే ఉన్నాయి, తర్వాత ఎవరో నట్లు ముట్టుకున్నారు అన్నాను. వాళ్ళు నమ్మారు, నా తప్పేమీ లేదని రాసిచ్చారు. అయినా నేను ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చి మూడు నెలలు మంచం దిగలేదు. తర్వాత లేచాను, తిరుగుతున్నాను, తింటున్నాను. సంతకం పెట్టడం మాత్రం నా వల్ల కాలేదు. పార్సిలొచ్చినా మా ఆయనే పెట్టాలి.

మా ఆయన పళ్ళ సెట్లు తయారుచేస్తారు. ముందుగదిలో చిన్న బల్ల, దాని మీద ప్లాస్టరు అచ్చులు, చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ పొడి డబ్బాలు, ఆకురాళ్ళు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేస్తారు. ఊళ్ళో సగంమంది నోళ్ళలో ఆయన చేతిపని ఉందిగానీ, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన పళ్ళు బయటపెట్టి నవ్వడం నేను చూసింది తక్కువ. నేను ఒంటికాలి మీద లేస్తే ఆయన కిమ్మనకుండా ఆకురాయి అందుకుంటారు. మా సంసారం అలా సాగిపోయింది.

రిమోట్‌తో నడిపే బళ్ళ పిచ్చి మా ఇంట్లోకి తెచ్చింది మా మరిది. లాండ్రీ నడుపుతాడు, ఆదివారమొస్తే షట్టరు దించేసి క్లబ్బుకి పరిగెత్తుతాడు. వాళ్ళు నడిపేవాటిని షార్ట్ కోర్స్ ట్రక్కులంటారు. మట్టిట్రాకుల మీద ఎగిరెగిరి పందేలాడే పెద్ద ట్రక్కులకి పదోవంతు నకళ్ళవి. వాటిని బొమ్మలని ఎవరైనా అంటే మా మరిదికి ఒళ్ళు మండిపోతుంది. మోటారు, గేర్లు, షాకబ్జార్బర్లు అన్నీ ఉంటాయి, దేనికది విప్పి బిగించుకోవచ్చు. కొత్తగా చేరేవాళ్ళ కోసం క్లబ్బువాళ్ళు ఒకే రకం బళ్ళు ఎనిమిది కొందామనుకున్నారు. రెండు రకాల మధ్య పేచీ వచ్చింది. మా మరిది నీలంబండి తప్ప ఇంకోటి పనికిరాదంటాడు, మిగతావాళ్ళు ఎర్రబండి అంటారు. ఎవరి పక్షమూ కాని మనిషి కావాలని ఆలోచించి, మా వదిన పరీక్ష చేసి రిపోర్టు మీద సంతకం పెడితే నోరెత్తకుండా ఒప్పుకుంటామని వీడు మాటిచ్చేసి వచ్చాడు. నాతో ఒక్కమాటైనా అనకుండా.

వాణ్ణి చెడామడా తిట్టాను. తిట్టి, అర్ధగంట తర్వాత రెండుబళ్ళూ ఎక్కడున్నాయని అడిగాను. మా ఆయన ఆకురాయి ఆపి నా వంక చూశారు. నాలుగేళ్ళ తర్వాత నా పేరు ఒక కాగితం కింద పడబోతోందని ముగ్గురికీ తెలుసు. మళ్ళీ మనిషిని అవుతానో లేదో ఆ కాగితమే తేల్చాలి అనిపించింది నాకు. పైకి మాత్రం, ట్రాకుకి నీళ్ళెవరు చల్లుతారని కసురుకున్నాను.

ముప్ఫై రోజుల పరీక్ష. రోజూ సాయంత్రం క్లబ్బు ట్రాకులో ఒక్కో బండి ఇరవై నిమిషాలు, పన్నెండుసార్లు దిబ్బ మీంచి ఎగరాలి, మూడుసార్లు కొయ్యగోడని గుద్దాలి. విరిగేదాకా ఏ భాగమూ మార్చకూడదు. నట్లన్నిటి మీదా నేనే పసుపు గీతలు గీశాను. బళ్ళు మా ఇంట్లోనే ఉంచి, పొద్దున్నే గీతలు చూసి నోటుపుస్తకంలో టిక్కు పెట్టి నడకకి వెళ్ళేదాన్ని. పుస్తకంలో రెండు గడులు గీసుకున్నాను. ఒకటి గట్టితనం, రెండోది సరదా. మొదటిది చకచకా నిండింది. సరదాని ఏ స్పానరుతో కొలవాలో తెలియక రెండోది ఖాళీగా వదిలేశాను.

నీలంబండి నాలుగు చక్రాలతో నేలని పట్టుకుని బుద్ధిగా పోతుంది. ఎర్రదానికి బలమంతా వెనకచక్రాల్లోనే. మలుపులో తోక విసురుతుంది, దిబ్బెక్కితే గాల్లో ముక్కెత్తుతుంది. మొదటిరోజే దాని మీద మనసు పడ్డాను. ఎవరికీ చెప్పలేదనుకోండి, తనిఖీ చేసేవాళ్ళకి మనసేమిటి? పద్దెనిమిదో రోజున నీలంబండి వెనకచక్రం నట్టు గీత కాస్త జరిగిందని భూతద్దంతో పట్టుకుని మా మరిదిని గంటసేపు నిలబెట్టి దులిపాను. వాడు ముట్టుకోలేదని ఒట్టేశాడు. ఇరవై తొమ్మిదో రోజున నీలంబండి కొయ్యగోడని గుద్దగానే ముందుచక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ఆర్మ్ పుటుక్కుమని విరిగింది. మా మరిది మొహం మాడిపోయింది. ఎర్రబండి చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం దారి పొడవునా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

మర్నాడు శనివారం. ఒకటి విరిగాక ఇంకో రోజు పరీక్ష అక్కర్లేదని రిపోర్టు రాసేశాను, సంతకం ఒక్కటే మిగిలింది. దాంతోపాటు ఫోటో పెడదామని ఎర్రబండి మట్టి తుడుస్తున్నాను. ముందు ఆర్మ్ మీద ఎండిన బురద వదలకపోతే చాకుమొనతో గీకాను. నల్లరంగు పెచ్చు ఊడింది. లోపల గులాబిరంగు.

చిగుళ్ళ రంగు అది. ముప్ఫై ఏళ్ళు మా ఇంటికి కూడు పెట్టిన రంగు, చీకట్లో చూపించినా గుర్తుపడతాను. చేతిలో చాకు అలాగే ఉండిపోయింది. రెండో ఆర్మ్ గీకాను. అదీ గులాబిరంగే.

మా ఆయన్ని పిలిచాను. అరవలేదు. నేను అరవకపోయేసరికే ఆయనకి అర్థమైపోయినట్టుంది, తేలు కుట్టిన దొంగలా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొత్తం చెప్పుకొచ్చారు. మూడో రోజు పొద్దున నేను నడకకి వెళ్ళినప్పుడు, ఒక్కసారి చూద్దామని బండిని డాబా మీదికి తీసుకెళ్ళారట. అది మెట్ల మీంచి ఎగిరి కిందపడి, ఆర్మ్ రెండు ముక్కలైంది. చెబుదామనుకున్నారు. చెబితే పరీక్ష ఆగిపోతుంది, నేను మళ్ళీ మంచమెక్కుతానేమోనని భయమేసింది. విరిగిన ముక్కలు అతికించి, దాని మీద అచ్చు తీసి, పళ్ళ సెట్టు పోసినట్టే కొత్తది పోసి, లోపల సన్నటి స్టీలు తీగ పెట్టి, పైన నల్లరంగు పూసి బిగించేశారు.

విరిగింది ఒక్కసారేనా అన్నాను. తల దించుకుని నాలుగు వేళ్ళు చూపించారు. మరమ్మతు చేశాక సరిగ్గా పోతుందో లేదో చూడాలి కదా అని మర్నాడు మళ్ళీ తీశారు. ఆ తర్వాత చూడాల్సిన పనేమీ లేకపోయినా తీశారు. నేను రోజూ వీధులన్నీ చుట్టి వచ్చేలోపు ఆయన డాబా మీద బండిని గెంతిస్తున్నారు. ఈ మనిషి! పెళ్ళిలో పూలదండ వేసేటప్పుడు కూడా మొహంలో కదలిక లేని మనిషి. ఎవరి మొగుడి కథో వింటున్నట్టుంది.

అప్పుడు గుర్తొచ్చింది గీతల సంగతి. ఆర్మ్ మార్చాలంటే నట్లు తియ్యాలి. నట్లు తీస్తే గీత తెగాలి. అదే అడిగాను.

"నీ రంగుసీసాతో నేనే మళ్ళీ గీశాను" అన్నారాయన. "మొదటిసారి సరిగ్గా కుదర్లేదు, వంకరగా వచ్చింది. చెరిపేసేలోపు సాయంత్రం ట్రాకుకని నువ్వు బండి తీసుకెళ్ళిపోయావు. మర్నాడు పొద్దున నువ్వు చూస్తావు, ఇక నా పని అయిపోయిందే అని చెమటలు పట్టేశాయి. నువ్వు చూసి టిక్కు పెట్టావు."

నోటుపుస్తకం తీశాను. నాలుగో రోజు, ఎర్రబండి, ముందు నట్లు, టిక్కు. అది మొదలు ఇరవై ఆరు పొద్దులు, ఇరవై ఆరు టిక్కులు. అన్నీ నా చేతివే. నీలంబండి దగ్గర నేను కింద కూర్చుని భూతద్దం పెట్టాను. ఎర్రదాన్ని నిలబడే చూశాను. అది బాగుంటుందని ముందే తెలుసు కాబట్టి, కళ్ళు దాని మీద పడగానే చెయ్యి టిక్కు పెట్టేసింది. ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. ఇరవై ఆరేళ్ళు ఈ కళ్ళని నమ్ముకుని బతికాను నేను.

ఆ బస్సు కళ్ళ ముందుకొచ్చింది. అది డిపోలో అన్నిటికన్నా మంచి బండి. పాడైపోయి మూలపడున్నదాన్ని పైవాళ్ళతో పోట్లాడి బాగుచేయించాను, నా బండి అని చెప్పుకునేదాన్ని. ఆ పొద్దున దాని ముందుచక్రం దగ్గర వంగి చూశానని నాలుగేళ్ళు చెప్పాను. విచారణలో చెప్పాను, మా ఆయనకి చెప్పాను, నిద్రపట్టని రోజుల్లో నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఎంత తలుచుకున్నా నేను నిలబడి ఉండటమే కనిపిస్తోంది. వంగడం కనిపించట్లేదు.

తప్పయిపోయింది, తిట్టమన్నారు మా ఆయన. తిట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నేను నేల మీద చతికిలబడితే ఆయనా పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం సంగతి ఇద్దరమూ మర్చిపోయాం.

ఆదివారం క్లబ్బు హాల్లో కొత్త రిపోర్టు చదివాను. నీలంబండి ఇరవై ఎనిమిది రోజులు నిలబడింది, ఇరవై తొమ్మిదో రోజున విరిగింది, ఇది నిజం. ఎర్రబండి గట్టిదో కాదో నాకు తెలియదు. మధ్యలో అది నాలుగుసార్లు విరిగింది, మా ఇంట్లోనే. విరిగిన బండికి బాగుందని నేనే ఇరవై ఆరుసార్లు టిక్కు పెట్టాను. కాబట్టి పరీక్ష ఇంకొకరు చెయ్యాలి, నా మాట మీద ఏమీ కొనకండి అని రాశాను. ముందు ఎవరో నవ్వారు, ఇన్‌స్పెక్టరమ్మ వేళాకోళమాడుతోంది అనుకుని. కార్యదర్శి మాత్రం కాగితం తీసుకుని తనే మళ్ళీ చదువుకున్నాడు. మా మరిది నోరు వెళ్ళబెట్టి ఒకసారి నన్నూ ఒకసారి వాళ్ళన్ననీ చూశాడు. గెలిచింది తనేనా అని మెల్లగా అడిగితే, నోరుమూసుకోమన్నాను.

సరదా గడిలో ఏం రాశారని కార్యదర్శి అడిగాడు. అది మా ఆయన్ని అడగమన్నాను. ఆయన లేచి నిలబడి, చెవులు ఎర్రబడిపోయి, ఎర్రదేనండీ అన్నారు. ఆర్మ్ పోసిన ప్రతిసారీ ఇక ముట్టుకోకూడదనుకున్నారట, ముట్టుకోకుండా రెండురోజులు కూడా ఉండలేకపోయారట. జనం గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వారు, పళ్ళన్నీ కనిపించేలా. పై వరసలో ఒక పన్ను వంకరని నాకు ఆ రోజే తెలిసింది.

రిపోర్టు కింద సంతకం పెట్టాను. అక్షరాలు పాములా మెలికలు తిరిగాయి. తర్వాత బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఆ బస్సు డ్రైవరుకి ఫోన్ చేశాను. నంబరు నాలుగేళ్ళుగా నా దగ్గరే ఉంది. నా తప్పు లేదని రాసిచ్చాక ఎందుకు చెయ్యాలని ఒక్కసారీ చెయ్యలేదు. ఆసుపత్రికి కూడా వెళ్ళలేదు.

నేనెవరో చెప్పగానే అవతల టీవీ చప్పుడు ఆగింది. కాలెలా ఉందని అడిగాను. కర్ర పట్టుకుని నడుస్తున్నానన్నాడు. మాటలు కూడదీసుకుని చెప్పేశాను. ఆ రోజు నేను వంగి చూశానని అందరికీ చెప్పాను, ఇప్పుడు ఆ మాట మీద నాకే నమ్మకం లేదు, చూడలేదేమో, ఆ తప్పు నాదే అయ్యుండొచ్చు, క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు అన్నాను.

అవతల కర్ర చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి.

"మేడమ్, నేను చూశానండీ" అన్నాడు. "సీటెక్కే ముందు చక్రం దగ్గరికెళ్ళి చూశాను. గీత కలవలేదు. అది చెబితే నామీదికే వస్తుందని విచారణలో చెప్పలేదు."

మరి ఎందుకు ఎక్కారని అడిగాను.

"కాగితం మీద మీ సంతకం ఉంది కదండీ. నాకే సరిగ్గా కనిపించలేదేమో అనుకున్నాను."