ఆఖరి బెంచీల త్రిమూర్తులు సారు

మా త్రిమూర్తులు సారు ముచ్చట చెప్పమంటె నాకు ముందుగాల కోపమే వస్తది. గంత మంచోడు ఉంటడా ఏడనన్న? మంచోని పక్కపొంటి పని జేసుడు మస్తు కష్టం. మన వంకరలన్ని మనకే కండ్లవడ్తయ్.

నా పేరు రాణి. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి జర లోపటికున్న ఇంజనీరింగ్ కాలేజీల మెకానికల్ పాఠాలు చెప్త. పుట్టింది, పెరిగింది నాచారంల. సారుది కాకినాడ దిక్కు. సర్కారు కాలేజీల రిటైరై, రామంతాపూర్‌ల బిడ్డ దగ్గర ఉండుకుంట మా కాలేజీకి వచ్చిండు. వచ్చినోడు తన క్లాసులు తను చెప్పుకోని ఊకుంటడా? కొత్తగ చేరిన లెక్చరర్లందరిని నెత్తికెత్తుకున్నడు. ఆయనకు గా పని ఎవ్వలు అప్పజెప్పలే.

కిరాయి ఇల్లు ఏ గల్లిల దొరుకుతది, ఎండకాలం ఏడ నల్లా రాదు, ఏ షేర్ ఆటో కాలేజీ ముంగట ఆపుతడు, అన్ని ఆయనే చెప్తడు. సామాన్లు దించేటప్పుడు గూడ పోయి నిలవడ్తడు. ఇగ పాఠం సంగతంటరా? "నేనొచ్చి కూర్చోవచ్చాండీ?" అని అడిగి, కొత్తోళ్ల క్లాసుల ఆఖరి బెంచీల కూసుంటడు. బోర్డు దిక్కు సూడనే సూడడు. పిల్లల మొకాలే సూస్తడు. సాయంత్రం ఉప్పల్ చౌరస్త కాడ ఇరానీ హోటల్‌కు తోల్కపోతడు. ఒక చాయ్‌కి ఒక్కటే మాట చెప్తడు. రెండో మాట కావాలంటె ఇంకో దినం, ఇంకో చాయ్.

నాకు చెప్పిన మాట ఏందో ఎరుకేనా? "రాణిగారూ, ప్రశ్న మీరే అడిగి జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు. కాస్త ఆగండి, పాపం వాళ్ళకీ నోరుంది." నాకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు ప్రశ్న అడిగి, పండ్లు కొరుక్కుంట నిలవడ్డ. ఎంతసేపటికో గని ఒక పిల్ల చెయ్యి లేపింది. ఆ దినం నేను ఇంటికి ఎగురుకుంట పోయిన.

నరేందర్ మా కాడికి వచ్చింది తెలంగాణ లొల్లి జోరుమీదున్న యేడు. రెండు దినాలు కాలేజీ, మూడు దినాలు బంద్. స్టాఫ్ రూముల గూడ టిఫిన్ డబ్బాలు రెండు దిక్కులైనయ్. మా దిక్కోళ్లు కిటికీ కాడ, ఆంధ్రోళ్లు బీరువా కాడ. సారు మాత్రం నడుమ కుర్చీ ఏసుకోని, అటు ఇటు రెండు దిక్కులా పచ్చడి అడుక్కుంట తినేది. ఎవ్వలేమంటరు?

నరేందర్ జనగామ దిక్కు పిలగాడు. తెలుగు మీడియంల సదివి ఎంటెక్‌ల గోల్డ్ మెడల్ కొట్టిండు. వాళ్ల నాయిన పోశయ్య నాచారంల ఒక కంపెనీల పని జేస్తడు. సబ్జెక్టు అడిగితె నరేందర్ నాకు తెల్వనియి గూడ చెప్పెటోడు. క్లాసులకు పోతె మాత్రం అంగట్ల అన్ని ఉన్నయ్, అల్లుని నోట్లె శని. గోడను సూసుకుంట గడగడ ఇంగ్లీషుల చెప్పుడు, బెల్లు కొట్టంగనె బయటవడుడు. రెండు నెలలు గిదే కథ. పిల్లలు ఇగ ఓపలేక ప్రిన్సిపల్ కాడికి పోయిన్రు. ముంగట నడిసింది గీతిక. క్లాసుల ఫస్టు పిల్ల, వాళ్ల నాయినది సాఫ్ట్‌వేర్ నౌకరి, ఇంగ్లీషు నీళ్లోలె మాట్లాడ్తది.

ఆ సెక్షన్‌కు క్లాస్ టీచర్ను నేనే. అందుకని ప్రిన్సిపల్ జగన్మోహన్ సార్ నన్ను పిలిచి మొకం మీదనే చెప్పిండు. "శుక్రవారం నేనే వచ్చి కూర్చుంటాను. పాఠం బాగుంటే ఉంటాడు. లేకపోతే సోమవారం నుంచి రావద్దని చెప్పండి."

చెప్పిన. నరేందర్ మొకం తెల్లగైంది. "మేడం, మా బాపు కంపెనీల సూపర్‌వైజర్ నౌకరి మాట్లాడి పెట్టిండు. పాఠాలు చెప్పుడు నీతోని గాదురా అని ముందుగాలనే అన్నడు. నాకేమో చిన్నప్పటి సంది గిదొక్కటే పిచ్చి." గంతే అన్నడు.

మర్నాడు సారు పోయి వాని క్లాసుల ఆఖరి బెంచీల కూసున్నడు. నేను గూడ పక్కపొంటి కూసున్న. వాడు షాఫ్టుల పాఠం, గదే మిషన్లల్ల తిరిగే ఇనుప కడ్డీల పాఠం, ఎత్తుకున్నడు. నడుమ ఒక పిలగాడు లేసి, "సార్, ఆ లాస్ట్ లైన్ మళ్ళీ ఒకసారి" అన్నడు. నరేందర్ ఆగిండు. కండ్లు మూసి తెరిసి, "గుడ్ మార్నింగ్ స్టూడెంట్స్, టుడే వుయ్ ఆర్ గోయింగ్ టు..." అనుకుంట పాఠం మొదలు సంది ఎత్తుకున్నడు! పిల్లలు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. ఓరి నీ పాడుగాను, వీడు పాఠం మొత్తం బట్టీ వట్టుకోని వస్తున్నడా!

సాయంత్రం చాయ్ కాడ సారు మెల్లగ అడిగిండు. "నరేందర్ గారూ, ఇంగ్లీషులో రాసుకుని కంఠస్థం చేస్తున్నారా?"

వాడు తలకాయ దించిండు. "ఎంటెక్‌ల ఒకసారి సెమినార్ ఇచ్చిన సార్. ఇంగ్లీషు నడుమ నోట్లకెళ్లి 'గట్ల' అని వచ్చింది. హాలు హాలంత నవ్విన్రు. అప్పటి సంది సొంతంగ నోరు తెరవాలంటె భయం."

"ఈ శుక్రవారానికి బట్టీ పట్టకండి" అన్నడు సారు. ఆ దినం మాట గదే.

"పట్టకుంటె మూగోని లెక్క నిలవడ్త సార్."

"నిలబడండి. నేనున్నాగా."

ఇగ సూడుండ్రి ఆ ముసలాయన పని. రోజు అన్నాల బెల్లు కొట్టంగనె నరేందర్‌ను ల్యాబ్‌ల నిలవెట్టి పాఠం చెప్పమనుడు. ఒక్క వాక్యం కానియ్యడు. "ఎందుకు?" అంటడు. "అంటే ఏమిటండీ?" అంటడు. "నాకు బుర్రకెక్కలేదు, మళ్ళీ చెప్పండి" అంటడు. పిలగాడు ప్రతిసారి మొదటికి పోవుడు, సారు మళ్ల అడ్డం వచ్చుడు. పక్కన లెక్కలు దిద్దుకుంట కూసున్న నాకే తల తిరిగింది. "సార్, వాణ్ని సంపుతరా ఏంది?" అని గదిమిన. "మీరుండండమ్మా" అన్నడు.

గురువారం నాడు నరేందర్‌కు తిక్క లేసింది. "ఆగుండ్రి సార్ జర! ఒక్కతీరుగ అడ్డం వస్తె ఎట్ల చెప్పాలె నేను? చెప్పేది పూరాగ వినుండ్రి!" అని బోర్డు మీద చాక్‌పీసు టకటక కొట్టుకుంట, పూరా పాఠం తెలంగాణ తెలుగుల దులిపి పారేసిండు. ఎంత సక్కగ చెప్పిండంటె, నేను ఎర్రపెన్ను కింద వెట్టి విన్న. సారు లేసి సప్పట్లు కొట్టిండు. "అదీ! అదండీ నాకు కావలసింది!"

నరేందర్ ఏం జేసిండో చెప్పనా? పెద్దమనిషిని గదిమిననని కాళ్ల మీద పడ్డడు. "రేపు మాత్రం గిట్ల చెప్పను సార్. ప్రిన్సిపల్ సార్ ఇంగ్లీషే ఉండాలంటడు" అన్నడు. మొండోడు. నేను తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిన.

శుక్రవారం. ప్రిన్సిపల్, సారు, నేను ఆఖరి బెంచీల. నరేందర్ కొత్త షర్టు తొడుక్కోని వచ్చి గోడను సూసిండు. "గుడ్ మార్నింగ్ స్టూడెంట్స్..." అయిపాయె. రాత్రంత మళ్ల బట్టీ వట్టిండు. పిల్లలు పెన్నులు కింద వెట్టిన్రు. ప్రిన్సిపల్ గడియారం సూసుకున్నడు. నేను మనసుల మా పోచమ్మ తల్లికి మొక్కుకున్న.

అప్పుడు నా పక్కన బెంచీ కిర్రుమన్నది. త్రిమూర్తులు సారు లేసి నిలవడ్డడు. తెల్ల ఎంటికల ప్రొఫెసరు, ప్రిన్సిపల్ పక్కన, స్కూల్ పిలగాని లెక్క చెయ్యి లేపిండు.

"మాస్టారూ, నాకు అర్థం కాలేదండీ. షాఫ్టు మెలితిప్పితే మధ్యలో బలమేమీ పడదంటున్నారు. మరి మధ్యలో ఇనుమెందుకు?"

క్లాసు క్లాసంత ఎన్కకు తిరిగింది. నరేందర్ మళ్ల గోడ దిక్కు తిరిగిండు. "గుడ్ మా..." అన్నడు.

"అది కాదండీ. మధ్యలో ఇనుమెందుకు?"

మొండికి మొండి. నరేందర్ సారును సూసిండు. గోడను గాదు, మనిషిని. తర్వాత పిల్లలను సూసిండు.

"ఏమక్కెర లేదు సార్! దండుగ!" అన్నడు. "నడుమ ఉన్న ఇనుము కూసోని తింటది. పనంత అంచుకున్న ఇనుమే చేస్తది. నాచారం రోడ్డు మీద లారీలు పోతయి గదా, దాని కింద గిరగిర తిరిగే పొడుగు షాఫ్టు సూసిన్రా ఎవరన్న? అది గొట్టం. లోపల బోలు. కూసోని తినేదాన్ని తీసేసిన్రు, బరువు తగ్గింది, బలం అట్లనే ఉన్నది."

పిల్లలు గొల్లున నవ్విన్రు. ఈసారి నవ్వు వేరే. ఎన్క బెంచీ పోరగాడు ఒకడు లేసిండు. "అయితే సార్, కాగితమంత పల్చగ చేయొచ్చా?"

"చెయ్యి. డబ్బా రేకు లెక్క సొట్టవడ్తది. ఎంత మందం ఉండాలెనో దా, లెక్క కడదాం." బోర్డు మీద ఫార్ములా రాసిండు. గదే ముచ్చట మళ్ల ఇంగ్లీషుల చెప్పిండు. పుస్తకంల ఇంగ్లీషు గాదు, అతుకుల ఇంగ్లీషు. కని వానిది. ఒకరెన్క ఒకరు అడుగుతనే ఉన్నరు, వాడు ఏడ ఆగిండో ఆడ్నుంచే ఎత్తుకుంటున్నడు. బెల్లు కొట్టినా ఎవ్వలు లెవ్వలే.

జగన్మోహన్ సార్ లేసిండు. మొకం సూస్తె ఏం తెలుస్తలేదు.

"గీతికా" అన్నడు ప్రిన్సిపల్. "కంప్లైంటు చేసింది నువ్వే కదా. ఈయన యాస బాగాలేదనేనా?"

గీతిక లేసింది. "యాసా? కాదు సార్. సార్ మాతో మాట్లాడటం లేదని చెప్పాం, అంతే."

నరేందర్ తలకాయ లేపి ఆ పిల్ల దిక్కు సూసిండు. రెండు నెలలు తన నాలుకను తనే కట్టేసుకున్నడు పిచ్చోడు, కట్టేసుకొమ్మని అన్నోళ్లు ఎవ్వలు లేరు.

"అయితే ఇప్పుడు కంప్లైంటు వెనక్కి తీసుకుంటావా?"

ఆ పిల్ల బోర్డు మీది లెక్క దిక్కు సూసింది. "తీసుకోను సార్" అన్నది. అయిపాయె అనుకున్న. "అది ఆ సార్ మీద చేశాం. ఈ సార్ ఈ రోజే కదా వచ్చింది!"