గూట్లో చప్పుడు

చెవి దగ్గర పెట్టుకుని ఊపితే... టక్.

లోపల పురుగు కదిలింది.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో తనూజకు ఆ చప్పుడు నేర్పింది నాయన ఈశ్వరప్ప. కదిలితే మంచి గూడు. కదలకపోతే లోపల చచ్చి అతుక్కుపోయినట్టే. మంచిదని తేలిన గూడు దారం తీసేందుకు వేడినీళ్ళకు పోతుంది.

"అది బయటికి రాదా నాయనా?" ఏడేళ్ళ తనూజ అడిగింది.

"వస్తే దారం తెగిపోతాదమ్మా."

అంతే. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అదే ఊళ్ళో, ఫ్యాక్టరీలో, ఆమె చేతిలో ఇంకో గూడు. టైటానియం పొడిని పొర మీద పొరగా కరిగించి త్రీడీ ప్రింటింగ్ మిషన్ కట్టిన, తుంటి కీలులో అమర్చే కప్పు. ఒళ్ళంతా చిల్లులు — స్పాంజి ముక్కలా. ఆ చిల్లుల్లోకి ఎముక పెరగాలి, గట్టిగా పట్టుకోవాలి. కరగని పొడి ఒక్క పలుకు మిగిలినా కీల్లోకి రాలుతుంది. అందుకే దులపాలి. ఊదాలి. తట్టాలి. ఆ తర్వాత స్కాన్, తూకం. చివర తనూజ సంతకం.

సంతకానికి ముందు ప్రతి కప్పునూ చెవి దగ్గర ఊపుతుంది. అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అనుకుంటుంది.

ఈ రోజు తొందరలో ముందు సంతకం పెట్టింది.

తర్వాత ఊపింది.

టక్.

కాగితం చూసింది. అనసూయమ్మ, యాభై రెండేళ్ళు, మగ్గం పని, ధర్మవరం. ఇదివరకు పెట్టిన కప్పులు రెండూ ఊడిపోయాయి. ఇది మూడోది. రేపు పొద్దున అక్కడే ఆపరేషన్.

"సునీలన్నా, లోపల ఏదో ఉండాది."

సూపర్‌వైజర్ సునీల్ ఊపి విన్నాడు. ఏమీ లేదు. తనూజ ఊపింది. ఏమీ లేదు... ఏ చిల్లులో ఇరుక్కుందో. మళ్ళీ ఊపింది. మళ్ళీ.

"స్కాన్ బాగుండాది, తూకం సరిపోయినాది. నీ చెవిని రికార్డులో ఎట్ల రాసేదమ్మా? ఇంకోటి చేసేకి నాలుగు దినాలు పడతాది. సంతకం పెట్టింది నువ్వే కదా!"

కప్పు పెట్టెలోకి పోయింది. పెట్టె కారులోకి పోయింది. రేపు ఆస్పత్రిలో క్రిములు చావడానికి ఆవిరి పట్టిస్తారు.

సాయంత్రం బస్సు. కిటికీ అద్దం బిగుసుకుపోయింది, ఎంత లాగినా రాలేదు. చెప్తే ఉద్యోగం పోతుంది. పోనీలే అనుకున్నా, చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే... ఆ చెప్పని మాట తన ఒంట్లోనే ఉండిపోతుంది, దాని చుట్టూ ఎముక పెరుగుతుంది. తనూజకు భయమేసింది.

పెనుకొండ. ఆమె ఊరు. కొండ మీద కోట గోడకు ఇంకా కాస్త ఎండ ఉంది.

"పెనుకొండ! దిగేవాళ్ళు దిగండప్పా!" కండక్టర్ అరిచాడు.

తనూజ లేచింది. నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

"ధర్మవరానికి ఒక టికెట్టియ్యన్నా."

ఎవరిని అడగాలో, ఏమని చెప్పాలో తెలియదు. బయటికి వస్తే దారం తెగిపోతుందని మాత్రం తెలుసు.

బస్సు గుంతలో పడి లేచింది.

ఆమె లోపల... టక్.