ఒక మేస్త్రి వచ్చిండు

"రేపు వనపర్తిల నువ్వు చెప్పుడు వద్దు తియ్. మన అమూల్య చెప్తది," అన్నాడు కురుమయ్య, మూడో రొట్టె తుంచుకుంటూ.

మన్యెమ్మ చేతిలో జొన్నపిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడిన వాసన వస్తే గానీ ఆమెకు చేయి ఆడలేదు. "రొట్టె చూడు, ఎటు చూస్తున్నవు?" అన్నాడు ఆయన. పొయ్యి ముందు ఆమె కూచుని అప్పటికి రెండు గంటలు. పాటల బృందం పద్నాలుగు మంది, మనిషికి మూడు రొట్టెలు, పైన పుంటికూర పప్పు. మూడేళ్ల నుంచి ప్రతి సభకూ ఇదే వరస. నువ్వు తిన్నావా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. వేదిక ఎక్కితే మాత్రం ఆడవాళ్ల ఇంటి చాకిరి కూడా పనేనని కురుమయ్య గొంతు చించుకుంటాడు. ముందు వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. అప్పుడు మన్యెమ్మ వెనక గిన్నెలు తోముతూ ఉంటుంది.

పచ్చపని సంఘమంటే గోపాల్‌పేట చుట్టుపక్కల తెలియని ఊరు లేదు. ఊరూరా పాటల సభ పెడతారు, ఆఖర్న చందాకు ఎర్ర తువ్వాల తిప్పుతారు. అందులో పడిన దానితో మొక్కల నర్సరీ నడుస్తుంది. పొట్ట చేతపట్టుకొని వలసపోయే బాధ లేకుండా చెట్ల పని, చెరువు పూడిక పని ఊళ్లోనే ఇయ్యమని సర్కారును అడుగుతారు. మంచి పనే, అందులో మన్యెమ్మకు అనుమానం లేదు. నర్సరీలో నలభై మంది ఆడవాళ్లతో కూచుని సంచుల్లో ఎర్రమట్టి నింపి, కానుగ గింజ గుచ్చి, వారం దాటాక ఆ మొలక మట్టి పగలదీసుకొని వస్తుంటే చూడడం ఆమెకు ఎంత ఇష్టమో. రేపటి సభకు హైదరాబాదు నుంచి పెద్దమనుషులు, కలెక్టరు కచేరీ నుంచి అధికారులు వస్తున్నారు. వాళ్ల మనసు కరిగితే మరో నాలుగు మండలాల్లో నర్సరీలు పెట్టిస్తారట.

మనసు కరిగించేది పాట కాదు, ఉపన్యాసం కాదు. మన్యెమ్మ చెప్పే ముచ్చట. ఎనిమిదేండ్ల కింద తన చెల్లె జోగులమ్మ వలసపోయి, కాలువ తవ్వేకాడ మట్టిపెళ్ల విరిగి మీద పడి చచ్చిపోయిన ముచ్చట. పంతొమ్మిదేళ్ల పిల్ల. అక్కడే మట్టి చేసి, కాళ్ల కడియాలు మాత్రం రుమాలులో మూటగట్టి తెచ్చారు. "కడియాల మాట కాడ జర ఆగు," అని కురుమయ్య నేర్పాడు. "కిందికి చూడు. అప్పుడు తువ్వాల తిప్పుతం." ఆమె ఆగేది, కిందికి చూసేది. మొదట్లో ఏడుపు దానంతటదే వచ్చేది. ఈ మధ్య కండ్లు ఎండిపోయినయి, రమ్మన్నా రావు. ఎండిన కండ్లను కురుమయ్య గమనించాడు. అందుకే ఇప్పుడు పిల్ల.

ఆ ముచ్చట మొదలయ్యేది ఒక్క మాటతోనే. "ఒక మేస్త్రి వచ్చిండు." కూలీలను గుంపుగట్టి లారీ ఎక్కించుకపోయే గుంపు మేస్త్రి. మూడేళ్ల కింద మొదటిసారి వేదిక ఎక్కే ముందు ఆమె అడిగింది, "మేస్త్రి ఎవరని అడిగితే ఏం చెప్పాలె?" అని. "ఒక మేస్త్రి అను, చాలు," అన్నాడు కురుమయ్య. ఆ మేస్త్రి ఆయనే మరి.

అవును, ఆయనే. మెడలో ఇనుప ఈల వేసుకొని, కోడి కూయకముందే రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేసేవాడు. కూత వినబడితే మూటలు నెత్తిన పెట్టుకొని జనం లారీ దగ్గరికి ఉరికేవారు. ఆ ఏడు మన్యెమ్మ పోవాలి. అమూల్య ఏడాది పిల్ల, ఒళ్లు కాలిపోతున్న జ్వరం. "మనిషి తక్కువైతే గుత్తెదారు ఊకుంటడా? నీ బదులు నీ చెల్లెను తోలు," అన్నాడు. జోగులమ్మ పోనన్నది. నాకు భయమైతుంది అక్కా అన్నది. అప్పుడు మన్యెమ్మ ఏం చేసింది? చెల్లెను ముందర కూచోబెట్టుకొని, నూనె రాసి, జడ వేసి, "నాలుగు నెలలే గదనే," అని లారీ ఎక్కించింది. ఆ నూనె జిడ్డు ఇప్పటికీ చేతికి ఉన్నట్టే ఉంటుంది, ఎన్ని గిన్నెలు తోమినా పోదు.

చెల్లె పోయాక కురుమయ్య వెంట లారీ ఎక్కేవాళ్లు ఏటేటా తగ్గుతూ వచ్చారు. మూడేళ్ల కింద వనపర్తిలో పాఠాలు చెప్పే శ్రవణ్ కుమార్ సారు సంఘం పెట్టాడు. నలభై ఊళ్ల జనాన్ని కూడేయగల మనిషి కావాలన్నాడు. ఈల అదే, మెడ అదే, కూత కూడా అదే. కూత విని వచ్చిన జనం ఇప్పుడు లారీ ఎక్కరు, పాట వింటారు. సారుకు పాత సంగతి తెలియదా? తెలిసే ఉంటుంది. తెలిసి తెలియనట్టుండడం చదువుకున్నోళ్లకు బాగా వచ్చు.

మన్యెమ్మ పిండి చేతులతోనే వాకిట్లోకి చూసింది. అమూల్య గడప మీద కూచుని గోడకేసి చూస్తోంది. రెప్ప వేయడం లేదు. కండ్లు ఎర్రబడ్డాయి.

"ఏం చేస్తున్నవే?"

"నాయిన చెప్పిండు. రెప్ప కొట్టకుంట చూస్తే నీళ్లొస్తయంట," అన్నది పిల్ల, చూపు తిప్పకుండానే. "ఒక మేస్త్రి వచ్చిండు. మా చిన్నమ్మ పోనన్నది. చూడు అమ్మా, వస్తున్నయి." నిజంగానే కుడి కంట్లోంచి ఒక చుక్క జారింది. పిల్ల గెలిచినట్టు నవ్వింది.

"ఆ మేస్త్రి పేరేందమ్మా?" అని అడిగింది అమూల్య, కన్ను తుడుచుకుంటూ. "ఎవరన్న అడిగితే చెప్పాలె గద."

మన్యెమ్మ మొగుని పేరు నోటితో పలికిన మనిషి కాదు. అత్త మొదటి రోజే చెప్పింది, పేరు పలికితే మొగుని ఆయుష్షు తరుగుతుందని. రేషను కార్డు రాసే కాడ, నర్సరీలో పేర్లు ఎక్కించే కాడ, భర్త పేరంటే పక్కనున్నవాళ్ల దిక్కు చూసేది. పక్కవాళ్లే చెప్పేవాళ్లు. అందరికీ అది ముద్దుగా ఉండేది. పన్నెండేండ్ల కాపురంలో ఆ ముద్దు ఎవరికి పనికొచ్చిందో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. అత్త మాట ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. "వానికి పేరొస్తే నీకు వచ్చినట్టే గదనే."

"పోయి మొకం కడుక్కో," అన్నది పిల్లతో. ఆమె కుడి కన్ను అదరడం మొదలుపెట్టింది, తెల్లారినా ఆగలేదు.

మర్నాడు వనపర్తికి ట్రాలీ ఆటోలో పోతుంటే పక్కన తాజ్‌బీ కూచుంది. నర్సరీ ఆడవాళ్లకు పెద్దదిక్కు ఆమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మన్యెమ్మ ఆమె చెవిలో మొత్తం చెప్పింది. తాజ్‌బీ మొలకలను ముట్టుకున్నంత మెల్లగా మన్యెమ్మ మోకాలి మీద చేయి పెట్టింది.

"గీ ముచ్చట మా గల్లీల సగం మందికి తెల్సు మన్యెమ్మా. నీ నోట్లకెల్లి వచ్చేదాంక మేమెట్ల అంటం?"

"చెప్తే నర్సరీ పోతదేమో. నలభై మంది పొట్ట."

"మట్టి నింపింది మన చేతులు. ఈలలు ఊదితే మొలిచినయా మొక్కలు? పోతే పోయి మళ్ల పెట్టుకుందం." కొంచెం ఆగి అడిగింది. "చెప్పినంక ఇంటికెట్ల పోతవు?"

"తెల్వదు," అన్నది మన్యెమ్మ. అది నిజం. అందుకే అంత భయం.

సాయంత్రం నాలుగింటికి మైదానం నిండింది. దుమ్ము రేపుతూ గాలి లేచింది, షామియానా గుడ్డ టపటప కొట్టుకుంటోంది. ముందు వరసలో అధికారులు, హైదరాబాదు వాళ్లు. కురుమయ్య వేదిక మధ్యకు వచ్చి ఈల వేశాడు. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. కింద కూచున్న ఒక ముసలామె ఉలిక్కిపడి పక్కనున్న సంచిని ఒళ్లోకి లాక్కుంది. అది మన్యెమ్మ చూసింది. ఇంకా ఎంతమంది చేతులు అట్లా కదిలాయో.

పాటలు అయిపోయాయి. డప్పు ఆగింది. "రా బిడ్డా," అని కురుమయ్య చేయి చాచాడు. అమూల్య మెట్టు ఎక్కింది. అప్పటికే రెప్ప కొట్టడం మానేసింది.

వెనక గిన్నెల కాడి నుంచి మన్యెమ్మ లేచింది. తడి చేయి కొంగుకు తుడుచుకొని, వేదిక ఎక్కి, పిల్ల భుజం పట్టి వెనక్కి జరిపింది. "పో, తాజ్‌బీ పెద్దమ్మ కాడ కూచో. కండ్లు మూసుకో, మంట తగ్గుతది." కురుమయ్య నవ్వు మొహంతోనే, పళ్ల సందుల్లోంచి, "ఏందే ఇది?" అన్నాడు. ఆమె మైకు అందుకుంది.

"పిల్లకు ఈ ముచ్చట తెల్వదు. నాకు తెల్సు," అన్నది. "నా చెల్లె పోనన్నది. తలకు నూనె రాసి, జడేసి, లారీ ఎక్కిచ్చింది నేనే. మూడేండ్ల సంది ఆ మాట మీకు చెప్పలే. ఇంకొక మాట గూడ చెప్పలే."

"ఒక మేస్త్రి వచ్చిండు" కాడి నుంచి కడియాల దాకా మొత్తం చెప్పింది. ఆమె ఎక్కడా ఆగలేదు, కిందికి చూడలేదు. ఈసారి పిలవకుండానే కండ్లలో నీళ్లు తిరిగాయి. తువ్వాల పట్టుకున్నవాళ్లు ఎప్పుడు తిప్పాలో తెలియక నిలబడిపోయారు. శ్రవణ్ కుమార్ సారు తల వంచుకొని కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఒక మేస్త్రి వచ్చిండు, వచ్చిండు అంటవు," అన్నది కింద ముసలామె, సంచి వదలకుండానే. "ఎవరమ్మా ఆ మేస్త్రి?"

కురుమయ్య ఈల నోటికి ఎత్తాడు. కూత రాలేదు. ఆయన పెదవులు ఎండిపోవడం మన్యెమ్మ చూసింది. అత్త మాట, ఆయుష్షు మాట, ఇంటికి పోయే దారి మాట, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. వాటిని పక్కకు నెట్టి, పన్నెండేండ్ల కాపురంలో మొదటిసారి ఆమె ఆ పేరు పలికింది.

"కురుమయ్య," అన్నది. "నా మొగడు."